పౌరులు లేని ఊరు

నవంబర్ 2

పెద్దాయన మళ్లీ అదే పట్టు. "యుద్ధం ఆటల మీద ఒక వ్యాసం పడాలయ్యా, వచ్చే సంచికకి. నీకైతే కోపం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, కొత్తగా తెచ్చుకోనక్కర్లేదు." పత్రిక పుట్టినప్పటి నుంచీ ఆయన సంపాదకుడు. నేను ఉపసంపాదకుణ్ణి, ప్రూఫులు దిద్దేవాణ్ణి, తిట్టేవాణ్ణి. మూడు ఉద్యోగాలకీ కలిపి ఒకే కుర్చీ, దానికీ ఒక చెయ్యి ఊడిపోయింది.

రాస్తానన్నాను. ఎందుకు రాయను? చంపడాన్ని పాయింట్లుగా లెక్కగట్టి, దానికి వినోదమని పేరు పెట్టి, పిల్లల చేతికిచ్చేవాళ్లని వదిలిపెట్టడానికి నేనేం సన్యాసం పుచ్చుకోలేదు.

సాయంత్రం నా భార్య దగ్గర్నుంచి సందేశం. "ఇక్కడే పర్మనెంటుగా ఉండిపొమ్మంటున్నారు. నెలాఖరుకి ఆఫీసులో చెప్పాలి. రావాలా, ఉండాలా? నువ్వు ఒక్క మాట చెప్పు చాలు."

ఒక్క మాటట. ఇదేమన్నా ఒక్క మాటతో తేలే వ్యవహారమా?

నవంబర్ 3

జవాబు రాశాను. ఉద్యోగం నీది, జీవితం నీది, కాబట్టి నిర్ణయమూ నీదే. నీటి పరీక్షల ల్యాబు పెట్టమని ఆ కొండ ఊరికి పంపింది నిన్ను, నన్ను కాదు. మొగుడు రమ్మంటే రావడం, ఉండమంటే ఉండటం, ఈ పద్ధతి మీదే కదా నేను ఇన్నేళ్లుగా కత్తి కట్టింది. అలాంటి నేను నా ఇంట్లోనే ఆ పని ఎలా చెయ్యను? అడగడమే ఒక ఒత్తిడి అవుతుంది. ప్రేమ పేరుతో చేసే ఒత్తిడి అన్నిటికంటే మొండిది. ఇలా సాగింది. ఫోన్ తెర మీద వేలితో చాలాసేపు తోస్తే గాని అయిపోనంత పొడుగు. చదువుకుంటే బాగానే వచ్చిందనిపించింది. కాస్త మార్చి పత్రికలో వేసుకోవచ్చు.

ఆమె జవాబు: "చదివాను."

అంతే.

నవంబర్ 4, ఆదివారం

ఆటని తిట్టాలంటే ఆటని చూడాలి కదా. చూడకుండా తిట్టడం అవతలి పక్షంవాళ్ల అలవాటు.

అందుకే అటక మీంచి అట్టపెట్టె దింపాను. అందుకే. పాత ఆట డిస్కు దొరికింది. అట్ట మీద మొహానికి మసి పూసుకున్న సైనికుడు, వెనకాల మంట. అది పెట్టడానికి ఇప్పటి కంప్యూటర్లకి నోరే లేదు. వీధి చివర రిపేరు షాపాయన దగ్గరికి పట్టుకెళ్లాను. నా ఈడువాడే. ముక్కు మీద కళ్లజోడు, దాని మీద భూతద్దం.

డిస్కు చూసి నవ్వాడు. "మీరు కూడానా సార్. దీనికి డిస్కు ఎందుకు, ఆట నా దగ్గరే ఉంది. షాపులోనే సర్వర్ పెట్టాను. పాతవాళ్లం కొంతమందిమి మధ్యాహ్నాలు కలుస్తుంటాం. అందరికీ మోకాళ్ల నొప్పులే, ఆటలో మాత్రం గోడలు దూకుతాం."

"నేను వ్యాసం రాయడానికండీ."

"మొదట అందరూ ఏదో ఒకటి చెప్తారు సార్." బ్రష్షుతో ఎవరిదో కీబోర్డు దులుపుతున్నాడు. "మేడమ్ కూడా ఊరెళ్లేముందు లాప్‌టాప్‌లో ఎక్కించుకున్నారుగా. మీకు చెప్పలేదా?"

చెప్పలేదు.

నవంబర్ 5

ఎందుకు చెప్పలేదు?

నవంబర్ 6

షాపాయన ఆట ఎక్కించాడు. ఆడాను. ఇక తిడతాను.

మొట్టమొదటి సంగతి, ఈ ఊళ్లో పౌరులు లేరు. వంతెన ఉంది, కూలిన ఫ్యాక్టరీ ఉంది, మంచు పడుతూ ఉంటుంది. ఇళ్లున్నాయి. ఇళ్ల ముందు తీగ మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. ఒక వంటింట్లో పొయ్యి మీద గిన్నె ఉంది. ఆ బట్టలు ఎవరు ఆరేశారు? గిన్నె ఎవరు పెట్టారు? ఆట తయారుచేసినవాడు గిన్నె అడుగున మసి కూడా దిద్దాడు గాని, దాన్ని దించే చెయ్యి గియ్యలేదు. మనుషులు లేని ఊరైతే బాంబు వెయ్యడం ఎంత సుఖం. అందుకే మనుషుల్ని తీసేశారు. నేర్పుతున్నది గురి చూడటం కాదు, చూడకపోవడం. ఇది వ్యాసంలో మొదటి వాక్యం చెయ్యాలి.

ఇక రెండో సంగతి, చచ్చినవాడు కాసేపటికి లేచి వస్తాడు. మూడోది ఏదో అనుకున్నాను, గుర్తు రావడం లేదు. మంచు మీద బూట్ల చప్పుడు వినపడి మర్చిపోయాను.

ఆ చప్పుడు అచ్చం అలాగే ఉంది. వినగానే అద్దె గది మొత్తం కళ్ల ముందుకొచ్చింది. ఒకటే గది, ఒకటే కిటికీ, ఒకటే బల్ల. బల్ల మీద పక్కపక్కనే రెండు పాత కంప్యూటర్లు, రెంటికీ మధ్య వైరు. పెళ్లైన కొత్త. నేను అప్పుడప్పుడే యుద్ధానికి వ్యతిరేకంగా సభల్లో మాట్లాడుతున్నాను. సభ నుంచి వచ్చి, చెప్పులు విప్పి, తుపాకీ పట్టుకునేవాణ్ణి. ఎవరితోనూ అనకు అన్నాను. "అనన్లే. నీ ఉపన్యాసానికి పడిపోయినంతమంది నీ తుపాకీకి పడటం లేదు, దాచాల్సిన పనేముంది," అంది.

ఆటలో పేర్లు కూడా తనే పెట్టింది. నేను గంట, ఎప్పుడూ మోగుతుంటాను కనక. తను చీమ.

నేను ముందుకు ఉరికేవాణ్ణి. చీమ వెనక నీళ్ల ట్యాంకు కింద మోకాలి మీద కూర్చుని, రెండు గుండ్లు పేల్చి, తుపాకీ నింపుకునేది. ఇంకా బోలెడు గుండ్లున్నా సరే, రెండు పేల్చగానే నింపుకోవాల్సిందే. ఎందుకంత భయం అంటే, "భయం కాదు, సర్దుకోవడం" అనేది. ల్యాబులోనూ అంతే. నమూనా సీసాకి మూత బిగించాక ఇంకోసారి బిగిస్తుంది.

దెబ్బ తగిలి పడిపోతే తెర బూడిద రంగుకి తిరుగుతుంది. తోటివాడు వచ్చి కట్టు కడితే లేస్తాం, లేకపోతే పోతాం. నేను పడితే తను వచ్చేది. ఎంత దూరాన ఉన్నా వచ్చేది. నేను ఒక్కసారీ పిలవలేదు. పిలవకుండానే వచ్చేది.

కాల్పులన్నీ అయిపోయాక ఇద్దరం ఆ ఊళ్లో తిరిగేవాళ్లం. తుపాకీ దించే మీట ఆ ఆటలో లేదు. ఎక్కుపెట్టుకునే షికారు. వంతెన దాటాక ఒక నీలం తలుపు ఇల్లుండేది. "ఇది మనం తీసుకుందాం," అనేది. అది తలుపు కాదు, గోడ మీద బొమ్మ, తెరుచుకోదు అనేవాణ్ణి. "ఇంటాయనతో మాట్లాడదాంలే."

ఇవాళ అక్కడిదాకా వెళ్లాను. వ్యాసం కోసం.

నవంబర్ 8

అక్క ఫోన్.

"ఏరా, మరదలు వస్తోందా?"

"అది తన నిర్ణయం అక్కా."

"దాని సంగతి దాన్నే అడుగుతా. నీకు అది రావాలని ఉందా, లేదా?"

"నాకు ఉండటం కాదు ముఖ్యం. ఒక మగవాడి కోరిక వల్ల ఆడమనిషి ఉద్యోగం..."

"ఆపరా బాబూ, చెవి కాలుతోంది. మీ బావని చూడు. పుస్తకం తెరిచిన పాపాన పోలేదు. నేను ఎక్కడికైనా వెళ్లి నాలుగు రోజులైతే చాలు, 'గ్యాస్ అయిపోయింది, ఎలా తెప్పించాలి' అని ఫోన్ చేస్తాడు. గ్యాస్ అయిపోదు. నాకు తెలుసు, ఆయనకీ తెలుసు."

"అది మోసం కదా."

"మోసమే. ఇంతకీ తిన్నావా?"

వ్యాసంలో బావలాంటివాళ్ల మీద ఒక పేరా పెట్టవచ్చు. ఆటకీ దానికీ సంబంధం లేదనుకోండి. ఎవరితో అంటున్నాను అనుకోండి అని? ఇది నా డైరీ.

నవంబర్ 11, ఆదివారం

మధ్యాహ్నం సర్వర్‌లో మంచి సందడి. పేర్లు చూస్తే నవ్వొస్తుంది. ఒకడు బీపీ, ఒకడు తాతయ్య, ఒకడు పెన్షన్. వాళ్లలో ఒకరి పేరు ఒట్టి అంకె, నలభైరెండు.

నలభైరెండు ఎవరితోనూ మాట్లాడరు. ముందుకు రారు. నీళ్ల ట్యాంకు కింద మోకాలి మీద కూర్చుంటారు. రెండు గుండ్లు పేలుస్తారు.

నింపుకుంటారు.

నవంబర్ 12

ఆమే.

నవంబర్ 14

వాదించుకుందాం. రెండు గుండ్లకే నింపుకునేవాళ్లు లోకంలో ఇంకెవరూ ఉండరా? ఉండొచ్చు. ట్యాంకు కింద కూర్చునేవాళ్లు? ఉండొచ్చు. ఆ రెండూ చేస్తూ, మాట్లాడకుండా, సరిగ్గా ల్యాబులో భోజనం వేళప్పుడు ఆడేవాళ్లు? నాలాంటి అనుమానపు మనిషిని కోర్టులో నిలబెట్టినా ఒప్పుకుంటాడు.

నా పేరు గంట అని పెట్టుకున్నాను. చూసే ఉంటుంది. చూసి కూడా ఏమీ అనలేదంటే అర్థమేమిటి? అనకుండానే తెలుస్తోందని అర్థం. మాటలతో తేలనిది ఇలా తేలుతోంది. నేనూ ఏమీ అనను. "నీతో మాట్లాడటమంటే సభలో కూర్చున్నట్టుంటుంది, చప్పట్లు ఎప్పుడు కొట్టాలో తెలీదు," అని వెళ్లేముందు అంది కదా. ఇదిగో, నోరు మూసుకున్నాను. రోజూ మధ్యాహ్నం నోరు మూసుకుని ఆమె ముందు పరిగెడుతున్నాను.

ఆఫీసులో ప్రూఫులు పేరుకుపోయాయి. పర్వాలేదు.

నవంబర్ 17

ఫ్యాక్టరీ గేటు దగ్గర పడిపోయాను. తెర బూడిదైంది. మంచు నా మొహం మీద పడుతోంది. పడుతున్నట్టు గీశారు, అంతే. ఇంక పోతాననగా బూట్ల చప్పుడు. నలభైరెండు. వంగి, కట్టు కట్టి, వెళ్లిపోయింది. రెండు గుండ్లు. నింపుకోవడం.

పిలవలేదు నేను. పిలవకుండానే వచ్చింది.

చాలాసేపు లేచి నిలబడ్డచోటే నిలబడ్డాను. "గంట, పక్కకి తప్పుకో, గేటుకి అడ్డం," అని పెన్షన్ రాశాడు.

నవంబర్ 19

ఆమె సందేశం. "నెలాఖరు దగ్గరికొచ్చింది."

నేనేం చెప్పాలి? రోజూ చెప్తూనే ఉన్నానుగా, ఆ వంతెన మీద. అర్థం చేసుకుంటుంది. మొన్న వచ్చింది కూడా. జవాబు రాయలేదు. రాస్తే ఇదంతా చెడిపోతుంది.

నవంబర్ 22

పెద్దాయన పిలిచాడు. వ్యాసం కాగితాలు బల్ల మీద ఉన్నాయి. కళ్లజోడు తీసి తుడిచాడంటే నాకు మూడినట్టే.

"ఇదేంటయ్యా?"

"వ్యాసం."

"మొదటి పేజీ వ్యాసమే. పౌరులు లేని ఊరు, బాగుంది, మండుతోంది. రెండో పేజీ నుంచి ఏమైంది నీకు? 'తీగ మీద ఆరేసిన చీర ఎన్నాళ్లుగా ఆరుతోందో' అని రాశావు. 'మోకాలి మీద కూర్చున్న మనిషి వెనక సాయంత్రం ఎప్పటికీ అవదు' అని రాశావు. నేను ఆయుధ వ్యాపారం గురించి రాయమంటే నువ్వు విరహం రాసుకొచ్చావు."

"ఆట ఎలా పట్టేస్తుందో చూపించాలి కదండీ. లోపలికి వెళ్లి చూస్తే గాని..."

"లోపలికి బాగానే వెళ్లావు. బయటికి రా. అమ్మాయి ఎప్పుడొస్తోంది?" ఆయన ఆమెని అమ్మాయి అంటాడు, మొదట్నుంచీ.

"అది తన..."

"తన నిర్ణయం. తెలుసు. పోయిన సంవత్సరం నువ్వే సంపాదకీయం రాశావు." కాగితాలు నా వైపు తోశాడు. "సంచికలో ఆ చోటుకి నీళ్ల పంపకం మీద ఉన్నది వేస్తున్నాను. నువ్వు కోపం తెచ్చుకుని రా."

కోపం ఎందుకు రాదు? వచ్చింది. ఆయన మీద వచ్చింది. ఈ పత్రికలో నన్ను నమ్మేవాళ్లు లేరు. పోరాటం అంటే తిట్టు ఒకటే అనుకునే తరం.

వ్యాసం మళ్లీ చదివాను. ఆ చీర వాక్యం తీసెయ్యవచ్చు. తీసెయ్యలేదు.

నవంబర్ 25, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఎవరు చూస్తారు కనక.

వంతెన మీద పడిపోయాను. నలభైరెండు ట్యాంకు కిందే ఉంది. కళ్లెదురుగా కనపడుతోంది. నేను పడటం చూడకుండా ఉండే వీలు లేదు. రాలేదు. అటు తిరిగి రెండు పేల్చింది, నింపుకుంది. నా తెర నల్లబడిపోయింది.

లేచి వచ్చాక వంతెన నడిమధ్యకి వెళ్లి, నిలబడి, టైపు చేయడం మొదలుపెట్టాను. చుట్టూ కాల్పులు. "చూసి కూడా రాలేదేం? పిలిస్తేనే వస్తావా? ఇన్నేళ్ల తర్వాత కూడా అడిగి పుచ్చుకోవాలా? అడిగితే వచ్చేది హక్కు అవుతుంది గాని ప్రేమ ఎలా అవుతుంది?" ఒక పేరా. తర్వాత రెండో పేరా, అందులో ఇంటిపని విభజన గురించి కూడా వచ్చింది. మధ్యలో ఎవడో నన్ను చంపాడు. మళ్లీ వచ్చి అక్కడే నిలబడి పూర్తి చేశాను. ఇంకోసారి చంపాడు. మళ్లీ వచ్చాను.

మైకు కరకరలాడింది.

"బాబూ, ఎవరితోనండీ మాట్లాడుతున్నారు?"

మగ గొంతు. పెద్దవయసు. వెనకాల టీవీ మోగుతోంది.

మీరు నలభైరెండా అని టైపు చేశాను.

"ఆఁ, నేనే. నలభైరెండు అంతస్తుల బిల్డింగు, నేను బిగించిన లిఫ్టుల్లో అదే పెద్దది. లిఫ్ట్ మెకానిక్‌ని. రిటైరయ్యాను. మీరేం చేస్తుంటారు?"

రెండు గుండ్లకే ఎందుకు నింపుకుంటారు అని అడిగాను.

"నేనెక్కడ నింపుకుంటున్నాను బాబూ, అదే నిండుతోంది. పక్షవాతం వచ్చి తగ్గింది. ఈ చూపుడు వేలు నా మాట వినదు, ఊరికే ఆ మీట మీద పడుతుంటుంది. వేళ్లు ఆడించమని డాక్టర్ చెప్పాడు, ఇదిగో, ఆడిస్తున్నా."

వెనకనుంచి ఒకావిడ. "ఎవరితోనండీ ఆ కబుర్లు? ముందు మాత్ర వేసుకోండి."

"వేసుకుంటానే. ఇక్కడెవరో పాపం బాధలో ఉన్నారు."

"మీ బాధ ఎవరు చూస్తారు? వేసుకోండి."

మొన్న నేను పడితే వచ్చారు కదా, పిలవకుండానే, అని రాశాను. ఆ మాట ఎలా రాశానో నాకే తెలియదు. దేవుణ్ణి నమ్మనివాడు ఆఖరి నిమిషంలో మొక్కుకున్నట్టు.

"మొన్నా? ఆ గేటు దగ్గరా? దారిలో కాలికి అడ్డం పడ్డారు బాబూ. లేకపోతే మీరు పడ్డట్టు నాకెలా తెలుస్తుంది? పిలిచే మీట ఒకటుంది. అది నొక్కితే మా అందరి తెరల మీదా ఎర్రచుక్క వెలుగుతుంది. నొక్కకపోతే మంచులో పడ్డవాడిది మంచు రంగే, నా కళ్లకి అసలే ఆనదు. మీరేమో ఒక్కసారీ నొక్కరు." టీవీ ఎవరో తగ్గించారు. "నేను ఇంకోలా అనుకున్నాను. ఈయనకి లేవడం ఇష్టం లేదేమోలే, ఎందుకు విసిగించడం అని."

కంప్యూటర్ కట్టేశాను. ఆయనకి చెప్పి రావాల్సింది.

నవంబర్ 26

ఆమె కాదు. ఏ రోజూ కాదు.

సరే, ఒకటి అర్థం కావడం లేదు. ఆ మీట నేను అద్దె గది రోజుల్లో కూడా నొక్కలేదు. అలాంటిది ఒకటుందనే నాకు తెలియదు. మరి ఆమెకెలా తెలిసేది? ఫ్యాక్టరీ వెనక పడినా, వంతెన కింద పడినా, ఎక్కడ పడినా సరిగ్గా అక్కడికే వచ్చేది కదా.

ఒకటే బల్ల. పక్కపక్కనే రెండు తెరలు.

నా తెర చూసేది.

తన గుండ్లు నింపుకుంటూ, తన ప్రాణం కాచుకుంటూ, ఒక కన్ను నా తెర మీద వేసి ఉంచేది. నాకది ప్రేమలో ఉండే ఏదో మహిమలా తోచి, ఇన్నేళ్లూ దాన్ని నమ్ముకుని కూర్చున్నాను. మహిమలని చీల్చి చెండాడేవాణ్ణి. అక్కడ ఒక మనిషి మెడ తిప్పి చూస్తోంది, అంతే. ఇప్పుడు ఆమె ఆ ఊళ్లో, నేను ఈ ఊళ్లో. నా తెర ఎవరికి కనపడుతుంది?

ఆమె తెర ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుందామని పొద్దుట్నుంచీ ప్రయత్నిస్తున్నాను. రావడం లేదు. ట్యాంకు కింద నుంచి చూస్తే ఆ ఊరు ఎలా ఉంటుందో నాకు తెలియదు. సర్వర్‌లో ఎవరూ లేనప్పుడు వెళ్లి అక్కడ మోకాలి మీద కూర్చున్నాను. వంతెన మొత్తం కనపడుతుంది. ముందుకు ఉరికేవాడి వీపు కనపడుతుంది. వాడి మొహం కనపడదు.

నవంబర్ 27

భోజనాల వేళకి ఫోన్ చేశాను. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకోలేదు. రాసుకుంటే పెరుగుతుంది.

"చెప్పు," అంది. వెనకాల గాజు సీసాల చప్పుడు.

"వచ్చెయ్," అన్నాను.

"ఏంటి?"

"నువ్వు వచ్చెయ్యి. నాకు నువ్వు కావాలి. ఉండలేకపోతున్నాను."

గొంతు నాదిలా లేదు. వేదిక మీద మైకు పనిచేయనప్పుడు వచ్చే గొంతులా ఉంది.

సీసాల చప్పుడు ఆగింది.

"నిన్న చెప్పేశాను ఆఫీసులో," అంది. "ఉంటానని."

నా దగ్గర వాదన ఉంది. నెలాఖరు అన్నావు, నెల ఇంకా అయిపోలేదు. గడువు పెట్టింది నువ్వు, తప్పింది కూడా నువ్వే. గెలిచే వాదన. ఆమెకీ తెలుసు అది గెలిచే వాదనని. ఫోన్ చెవికి నొక్కుకుని కూర్చున్నాను.

"ఉన్నావా?"

"ఉన్నాను."

"ఏం మాట్లాడవేంటి, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

"అరవ్వా?"

"లేదు."

"గంటా," అంది. ఆ పేరు పిలిచి ఎన్నేళ్లయిందో. "మొన్నటిదాకా ఎదురుచూశానురా. ఒక్క ముక్క. నువ్వు పంపిన ఆ వ్యాసమంత జవాబు చదివి, బాగా రాశావనే అనిపించింది. ఇందులో నేనెక్కడున్నానని వెతుక్కున్నా."

అనడానికి ఉన్నవన్నీ పాతవే.

"ఆట ఎక్కించుకున్నావట," అన్నాను చివరికి.

"రిపేరాయన చెప్పేశాడా. ఆయన కడుపులో ఏదీ దాగదు." నవ్విందో, ముక్కు ఎగబీల్చిందో తెలియలేదు. "ఎవరితోనూ ఆడలేదులే. ఇక్కడ నెట్ సరిగ్గా ఉండదు. ఒక్కదాన్నే ఆ ఊళ్లో తిరిగేదాన్ని. నీలం తలుపు దాకా వెళ్లి వచ్చేదాన్ని."

"నేనూ వెళ్లాను."

"తెరుచుకుందా?"

"లేదు."

ఎవరో ఆమెని పిలుస్తున్నారు, నమూనాలు వచ్చాయని. పెట్టేస్తుందని తెలిసింది. పెట్టేసే లోపల నా నోట్లోంచి వచ్చిన మాట నేను ఆలోచించుకున్నది కాదు.

"నేను రావచ్చా?"

"ఎక్కడికి?"

"అక్కడికి. ప్రూఫులు ఎక్కడ కూర్చునైనా దిద్దొచ్చు. పెద్దాయనకి నా మొహంతో పనిలేదు, నా కోపం ఉంటే చాలు. అది పోస్టులో పంపొచ్చు."

నెల్లాళ్లుగా ఇద్దరం ఒకటే ప్రశ్న చుట్టూ తిరుగుతున్నాం, ఆమె రావాలా, ఆమె ఉండాలా అని. నేను కదలొచ్చన్న మాట ఆమె అడగలేదు. నాకు తట్టలేదు. సమానత్వం మీద రెండు పుస్తకాలు వేశాను నేను.

"ఇక్కడ నీతో వాదించేవాళ్లు ఎవరూ ఉండరు," అంది.

"ఫర్వాలేదు."

"సభలుండవు. ఆరింటికల్లా ఊరు పడుకుంటుంది."

"ఫర్వాలేదు."

"నమూనాలు పాడైపోతాయి, వెళ్లాలి," అంది. పెట్టేసింది.

నవంబర్ 28

ఏమీ రాలేదు.

నవంబర్ 29

ఒక సందేశం రాశాను. నా ఉద్దేశం నిన్ను ఇరుకున పెట్టాలని కాదు, నీ నిర్ణయాన్ని నేను... అంతవరకు రాసి చెరిపేశాను. మళ్లీ రాశాను. మళ్లీ చెరిపేశాను. ఫోన్ తీసుకెళ్లి వంటింట్లో పెట్టి వచ్చాను. తర్వాత వెళ్లి వంటింట్లో కూర్చున్నాను.

అక్క ఫోన్ చేసింది. "ఏమైందిరా గొంతు?" అంది. గ్యాస్ అయిపోయిందన్నాను. "వస్తుందిలే," అంది.

నవంబర్ 30

పొద్దున్నే వచ్చింది.

"ఇక్కడ చలి ఎక్కువ. నా దగ్గర ఒక్క దుప్పటే ఉంది. నీది తెచ్చుకో."

ఇందులో రమ్మని లేదు. చూసి పొమ్మనా, ఉండిపొమ్మనా, అదీ లేదు. సంతోషంగా ఉందో, సరేలే అనుకుందో, దాని జాడ కూడా లేదు. మామూలుగా అయితే ఈ మూడు ముక్కల మీద నేను ఒక సాయంత్రమంతా మాట్లాడగలను. అడుగుదామని ఫోన్ తీశాను. ఏం అడిగినా ఆమె మళ్లీ ఆలోచించుకోవాల్సి వస్తుంది. పెట్టేశాను.

పెద్దాయనకి చెప్పాను, కొన్నాళ్లు ఊళ్లో ఉండనని. "కొన్నాళ్లంటే?" అన్నాడు. తెలియదన్నాను. చెయ్యి ఊడిన కుర్చీ వైపు చూసి, "దీన్ని బాగుచేయిద్దాం అయితే," అన్నాడు.

మధ్యాహ్నం బజారుకి వెళ్లాను. దుప్పట్ల షాపులో మనిషి నిచ్చెన మీద ఉన్నాడు. కొండ ఊరికి, మందంగా ఉండాలి అన్నాను. పైన అరలోంచి రెండు కట్టలు లాగి, దిగకుండా అక్కడి నుంచే అడిగాడు.

"ఒక్కరికా సార్, ఇద్దరికా?"

నీది తెచ్చుకో అంది. నీది అంటే ఒక్కడిదే. ఇద్దరిది తీసుకెళ్తే ఆమె అననిది అన్నట్టు అవుతుంది. ఒక్కడిది తీసుకెళ్తే నేను అనాల్సింది మళ్లీ అననట్టు అవుతుంది. నిచ్చెన మీద మనిషి రెండు చేతుల్లో రెండు కట్టలతో నా కోసం ఆగి ఉన్నాడు. ఈ ప్రశ్నకి రెండు వైపుల నుంచీ వాదించగలను.

"ఇద్దరికి," అన్నాను.